జపానీయ ప్రతీకారచిత్రములు: రక్తాతిశయ విచారము

రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతముని చెప్పినమాట మన పాఠశాలలయందు వల్లింపబడుచున్నదే కాని పరీక్షింపబడుట యరుదు. శృంగారమునుండి హాస్యము, వీరమునుండి యద్భుతము, బీభత్సమునుండి భయానకము అను తక్కిన మూడింటితో గూడ నిది విద్యార్థుల నోట నొక పాఠముగా నిలిచి, పరీక్ష ముగిసినతోడనే మఱుగుపడును. దీని సత్యము నెఱుగుటకు మన కావ్యనాటకములు చాలవా యని యడుగవచ్చును. చాలును. అయినను, ఏ సిద్ధాంతమైనను దాను బుట్టినచోటికి దూరముగా, దన పేరైన దలపని జనులు నిర్మించిన కృతులయందు సైతము నిలిచెనేని దాని బలము మఱింత తేటపడును. కావున నీ వ్యాసమున జపానుదేశపు చలనచిత్రములలో నొక జాతిని, పండితులు సాధారణముగా గన్నెత్తి చూడనిదానిని, విచారింప బూనితిని.

అది ప్రతీకారకథలు గల చిత్రముల జాతి. అందు ఖడ్గము మెడకు దగిలినచో నెత్తురు కాఱదు; జలయంత్రమునుండి వలె మింటికి జిమ్మును. తెగిన చేయి గాలిలో దిరిగి పడును. ఒక్కనిచేత పదులకొలది జనులు నేలగూలుదురు. మానవదేహమున నుండదగినదానికంటె బెక్కురెట్ల నెత్తురు తెరపై బాఱును. పెద్దలు దీనిని రెండుమాటలతో ద్రోసివేయుదురు: ఇది బీభత్సము, ఇది బాలిశము అని. నేనును మొదట నట్లే తలచితిని. అలంకారశాస్త్రము పాఠము చెప్పుచుండగా నొక విద్యార్థి యట్టి చిత్రమును జూచివచ్చి, యిందలి రసమేది యని యడిగెను. బీభత్సమని తడుముకొనక చెప్పితిని. "గురువుగారూ, నాకు రోత పుట్టలేదు, కడపట గంట నీరు వచ్చినది" అని యతడు వినయముగా బలికెను. ఆ మాటకు సమాధానము తోపక, నేనును ఆ చిత్రమును జూచితిని. తరువాత దాని వెనుకటివానిని, ముందటివానిని గూడ జూచితిని. నా మొదటి తీర్పు తప్పని యిప్పుడు చెప్పవలసియున్నది. అయితే ఆ జాతి కంతకును గాదు.

ఆ విద్యార్థి చూచిన చిత్రము పేరు 'షురాయుకిహిమె'. 1973 సంవత్సరమున ఫుజితా తొషియా దర్శకత్వమున వెలువడినది. కొయికె కజువో కథ వ్రాయగా కమిమురా కజువో బొమ్మలు గీసిన మాంగా, అనగా జపానీయ చిత్రకథ, దీనికి మూలము. నాయిక వేషమును కజి మెయికొ ధరించినది. ఈ పేరునందే విచారింపదగిన విశేషమొకటి గలదు. ఐరోపా జనకథలోని హిమధవళయగు రాకుమారిని జపానీయులు 'షిరాయుకిహిమె' యందురు. 'షిరా' యనగా దెలుపు, 'యుకి' యనగా మంచు, 'హిమె' యనగా రాకుమారి. అందు 'షిరా' స్థానమున 'షురా' యను పదమును నిలిపి యీ పేరు కల్పింపబడినది. ఆ 'షురా' మఱేమియు గాదు. మన 'అసుర' శబ్దమే. బౌద్ధగ్రంథములు చీనాభాషలోనికి బరివర్తితములైనప్పుడు ధ్వన్యనుకరణముగా వ్రాయబడిన యీ పదము జపానున 'అషురా' యై, ఆద్యక్షరము లోపించి 'షురా' యైనది.

శబ్దము మనదే యైనను అర్థమున నొక భేదము గలదు. మన పురాణములయందు అసురుడు దేవతలకు శత్రువు. జపానీయుల వాడుకయందు షురా యనునది యొక వ్యక్తికంటె నొక గతి. జీవుడు తిరుగాడు నాఱు గతులలో నది యొకటి. క్రోధమాత్సర్యములచే బ్రతికినవారు అచ్చట బుట్టి ఎడతెగక పోరుచుందురు. ఆ పోరునకు జయము లేదు, అంతము లేదు, పోరుటయే శిక్ష. 1363లో జన్మించి 1443లో గతించిన జెయామి మహాకవి చేత బరిణతినొందిన 'నో' నాటకములలో నొక వర్గమునకు 'షురామోనో' యని పేరు. యుద్ధమున మడిసిన వీరుల ప్రేతములు వచ్చి తమ షురాగతిని జెప్పుకొనుట అందలి వస్తువు. 'అత్సుమొరి' యను నాటకమున, బాలవీరుని జంపిన కుమగాయి యనువాడు సన్న్యసించి, ఆ బాలుని ప్రేతమునకై ప్రార్థించును. చంపినవాడును జచ్చినవాడును ధర్మమార్గమున మిత్రులగుదురు. ఆ రంగమున నొక్క నెత్తుటిబొట్టైన గానరాదు. కావున 'షురా' యను పేరు పెట్టిన కథ ప్రతీకారమును గొనియాడునని యనుకొనుటకు ముందు మనము తాళవలసియున్నది.

ఇక రసవిచారము. వధను యుద్ధమును అంకమునందు బ్రత్యక్షముగా జూపక ప్రవేశకాదులచే సూచింపవలయునని నాట్యశాస్త్రము నియమించినది. భట్టనారాయణుడు వేణీసంహారమున నీ నియమము నెంత నేర్పుతో బాటించెనో పండితు లెఱుగుదురు. యుద్ధభూమిలోని నెత్తురును వసను గూర్చి మాటలాడుటకు రుధిరప్రియుడు, వసాగంధ యను రాక్షసదంపతులను ప్రవేశకమున నిలిపెను; వధ జరిగినపిదప నెత్తుటితో దడిసిన భీముని రంగమునకు దెచ్చి ద్రౌపది జడ ముడిపించెను. చంపుట కానరాదు, చంపినచేయి కానవచ్చును. జపానీయచిత్రము చంపుటను జూపును. అంతేకాక, దానిని ప్రకృతికి మించి చూపును. నియమమును బట్టి చూచిన నిది దోషమే. కాని దోషమని చెప్పి యూరకుండుట విమర్శనము కాదు. అది యెట్టి పని చేయుచున్నదో చూడవలెను.

భరతుడు బీభత్సమున రక్తాదులవలన బుట్టు క్షోభజమును, మలకృమ్యాదులవలన బుట్టు నుద్వేగిని వేఱుపఱచెను. రెండింటికిని స్థాయి జుగుప్స. జుగుప్స పుట్టవలెనన్న ఎదుటనున్నది మన యనుభవమున నెఱిగిన నెత్తురు కావలెను. కాలికి ముల్లు దిగినప్పుడు వచ్చు నాలుగు బొట్లకు మనసు కలుగును. పందిరియెత్తు చిమ్ము నెఱ్ఱని ధారకు మనసు కలుగదు, కన్ను విచ్చుకొనును. ప్రకృతి మేరను మీఱిన క్షణముననే యది నెత్తురగుట మాని, అతిశయోక్తి యగుచున్నది. అనగా నిచ్చట రక్తము బీభత్సమునకు విభావము కాదు, రౌద్రమునకు అనుభావము. కన్ను లెఱ్ఱవాఱుట, పెదవి యదురుట మొదలగునవి యెట్లు కోపమునకు వెలిగుఱుతులో, ఈ ధారయు నట్లే లోనున్న కోపమునకు వెలిరూపము. ఈ యంశమును గ్రహింపకయే నేను విద్యార్థికి బీభత్సమని చెప్పితిని.

ఇట్టి కోపము జపానుదేశమున నెట్టి చరిత్ర గలదో తెలిసికొననిదే యీ చిత్రములు బోధపడవు. తండ్రిని, ప్రభువును, లేదా పెద్దవారిని జంపినవానిని వెదకి చంపుటకు 'కతకియుచి' యని పేరు. తొకుగవా షోగునుల కాలమున నిది విధినియమములు గల యాచారము. తొడగినవాడు తన ప్రభువునొద్ద ననుమతి వడయవలెను. అధికారుల పుస్తకమున బేరు వ్రాయింపవలెను. పెద్దలకొఱకు బిన్నలు పగదీర్చుకొనవచ్చును గాని, పిన్నలకొఱకు బెద్దలు తీర్చుకొనరాదు. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి: పగదీర్చుకొన్నవానిమీద దిరిగి పగదీర్చుకొనరాదు. పగ యొక్కమాఱు తీఱినచో లెక్క ముగిసినట్లే. ఈ కడపటి నియమమును జదువరులు జ్ఞాపకముంచుకొన గోరెదను.

నలువదియేడుగురు రోనినుల కథ లోకప్రసిద్ధము. రోనిననగా బ్రభువు లేని సాయుధుడు. 1701లో అకో ప్రభువగు అసానో నగనొరి యెదో కోటలో కిరా యొషినకపై గత్తి దూసి, ఆనాడే యాత్మవధశిక్ష నందెను. ఓయిషి నాయకత్వమున నతని భృత్యులు కాలము వేచి, 1703 జనవరిలో కిరా యింటిపై బడి, యతని తలను దెచ్చి తమ ప్రభువు సమాధిముందఱ నుంచిరి. వారికిని ఆత్మవధయే శిక్ష యయ్యెను. 1748లో ఒసాకాలోని తకెమొతొజా బొమ్మలాటశాలలో నీ కథ, పేరులును గాలమును మార్పబడి, 'కనదెహొన్ చూషిన్‌గురా' యను నాటకమై ప్రదర్శింపబడినది. తకెదా ఇజుమో, మియొషి షోరకు, నమికి సెన్ర్యూ అను మువ్వురు దాని కర్తలు. ఇందు ప్రతీకారము ధర్మమునకు బర్యాయము.

దీనికి మఱియొక ముఖమును జూపినవాడు నాలుగవ త్సురుయా నన్‌బొకు. అతని 'తోకైదో యొత్సుయా కైదన్' 1825లో నెదో నగరమున నకమురాజా రంగమున మొదట నాడబడినది. ఇందలి ఇయెమొన్ యను రోనిను స్వార్థమునకై భార్యయగు ఓయివాను విడువజూచును. విషముచే నామె ముఖము చెడును. తల దువ్వుకొనుచుండ వెండ్రుకలు కుచ్చులుగా నూడివచ్చును, నెత్తురు కాఱును. చచ్చి ప్రేతమై యామె పగదీర్చుకొనును. ఆ మొదటి ప్రదర్శనమున నీ నాటకమును, చూషిన్‌గురాను అంకముల వారీగా గలిపి రెండుదినము లాడిరి. ప్రభువుకొఱకు బ్రాణమిచ్చు రోనినులును, ఇల్లాలిని జంపు రోనినును ఒకే రంగమున నిలిచిరి. ప్రతీకారము యొక్క గౌరవమును, దాని నెత్తురును వేఱు చేయరాదని నన్‌బొకు ఎఱిగియుండెను. కావున నెత్తుటిని రంగమునకు దెచ్చినది చలనచిత్రము గాదు. నూటయేబది యేండ్లకు ముందే కబుకి రంగము దెచ్చినది.

1873 ఫిబ్రవరిలో మెయిజి ప్రభుత్వము కతకియుచిని నిషేధించినది. ఇకమీదట జంపినవానిని శిక్షించుట ప్రభుత్వపు బని యైనది. ఆచారము పోయినది, కోరిక పోయినదా? నియమములతో గూడిన ప్రతీకారము చట్టమున నుండి తొలగిన వెనుక, నియమములు లేని ప్రతీకారము కళయందు మిగిలినది. రక్తాతిశయమునకు మూల మిచ్చటనే యున్నదని నా తలంపు.

ఇక చలనచిత్రములకు వత్తము. 1962లో రెండు చిత్రములు వచ్చినవి. కొబయాషి మసాకి తీసిన 'సెప్పుకు'లో, పేదయగు నొక రోనినును వెదురుకత్తితో బొట్ట కోసికొనునట్లు ఒక ప్రభుగృహమువారు నిర్బంధింతురు. మొద్దువాఱిన వెదురు దిగుటకు అతడు పడు యాతనను జూచుట కష్టము. అతని మామయగు త్సుగుమో హన్‌షిరో ప్రతీకారమునకు వచ్చును. అతడు కారకులగు మువ్వురిని జంపలేదు. వారి సిగలను గోసి తెచ్చి సభలో బడవేసెను. సిగ పోయిన సామురాయి మర్యాద పోయినవాడు. ఇంట దాగియున్న యా పిఱికితనమును బయటబెట్టుటయే యతని పగ. అతడును బోరి మడిసిన పిమ్మట, జరిగినదంతయు గృహపు దినచర్యాగ్రంథమున అసత్యముగా వ్రాయబడును. ప్రతీకారము జయించినను జరిత్ర యోడించినది.

రెండవది కురొసావా అకిరా తీసిన 'సన్‌జూరో'. నెత్తుటి ఫౌంటెను తెరపై గెక్కినది దీనియందే యని చెప్పుట వాడుక. కడపటి ద్వంద్వయుద్ధమున నిరువురును చాలసేపు కదలక నిలుతురు, ఒక్క వ్రేటు, ప్రతినాయకుని ఱొమ్మునుండి నల్లని ధార పెల్లుబికి చిమ్మును. తెర నలుపు తెలుపులది గనుక నెఱుపు కానరాదు. ప్రక్కన నిలిచిన యువకులు మెచ్చికొందురు. అప్పుడు నాయకుడు సంతసింపడు, వారిపై మండిపడును. చచ్చినవాడు తనవంటివాడే యనియు, ఇరువురును ఒఱలేని కత్తులే యనియు, మంచికత్తి యొఱలోనే యుండుననియు జెప్పి వెడలిపోవును. ఆ హితవు మొదట నొక వృద్ధస్త్రీ యతనికి జెప్పినదే. రక్తధారను లోకమునకు జూపిన చిత్రమే, దానిని మెచ్చికొన్న ప్రేక్షకుని దిట్టినది! వెనుకటివారు చాలమంది ధారను గ్రహించిరి, తిట్టును విడిచిరి.

1972 మొదలు 1974 వఱకు వెలువడిన ఆఱు చిత్రముల 'కొజురె ఓకమి' మాలికయందు ధార వర్ణములతో వచ్చినది. దీని మూలమగు మాంగాను కొయికె కజువోయే వ్రాసెను; బొమ్మలు కొజిమా గోసెకివి. ఒగమి ఇత్తో షోగునుని శిరశ్ఛేదకుడు. యగ్యూ వంశమువారి కుట్రచే భార్యను, బదవిని, గౌరవమును గోల్పోయి, పసిబిడ్డయగు దైగొరొను బండిలో ద్రోసికొనుచు ధనమునకు హత్యలు చేయుచు దిరుగును. బయలుదేరుటకు ముందు బిడ్డయెదుట నొక చెండును ఒక కత్తిని బెట్టును. చెండు పట్టినచో బిడ్డను దల్లియొద్దకు బంపును. కత్తి పట్టినచో దనతో గొనిపోవును. బిడ్డ ప్రాకి ప్రాకి కత్తిపై జేయి వేయును. తాము నడువబోవు త్రోవకు అతడు 'మెయిఫుమాదో' యని పేరు పెట్టును. అందలి 'మా' బుద్ధుని శత్రువగు మారుని పేరే. ఆఱు చిత్రములయందును లెక్కకు మిక్కిలియగు జనులు తెగుదురు. కాని యాఱవచిత్రము ముగియునప్పటికిని ముఖ్యశత్రువగు రెత్సుదో తప్పించుకొనియే పోవును. ఇంత నెత్తురు పాఱినను పగ తీఱలేదు. నిర్మాతలు దీనిని దలపెట్టి చేసిరో, మాలిక యర్ధాంతరముగ నాగుటచే నిట్లయ్యెనో యను ప్రశ్న యట్లుండనిండు; ఫలము మాత్రము షురాగతికి దగినట్లే యున్నది. ఐనను ఈ మాలికయందు కరుణము బిడ్డ కన్నులయందు మాత్రమే మెఱసి మఱుగగును. రౌద్రమే మిగిలినదంతయు.

ఇప్పుడు 'షురాయుకిహిమె'. నిర్బంధసైనికసేవను విధించుచు మెయిజి ప్రభుత్వము వెలువరించిన ప్రకటనలో 'రక్తపు బన్ను' అను మాట యుండెను. నిజముగనే తమ నెత్తురు పిండుదురని తలచి పల్లెజనులు కొన్నియెడల దిరుగబడిరి. కథ యా యల్లరులనాటిది. నలుగురు వంచకులు, ముగ్గురు పురుషులును నొక స్త్రీయు, ఒక బడిపంతులును సైనికసేవకు మనుష్యులను బట్టుకొనిపోవు నధికారి యని నెపము పెట్టి చంపుదురు. అతని కుమారునిగూడ జంపి, భార్యయగు సయొను జెఱతురు. ఆమె వారిలో నొకనిని జంపి చెఱసాల పాలగును. తక్కిన మువ్వురిని జంపుటకు దనకొక బిడ్డ కావలెనని, చెఱసాలలోనే గర్భము ధరించి, మంచు కురియు రాత్రి ఆడుబిడ్డను గని మరణించును. ఆ బిడ్డకు యుకి యని, మంచని, పేరు. తానెఱుగని తండ్రికొఱకు, తానెఱుగని యన్నకొఱకు బగదీర్చుటకే పుట్టిన బిడ్డ, షురా బిడ్డ. ప్రభుత్వము కతకియుచిని నిషేధించిన కాలముననే యీ పగ పుట్టినదని గమనింపవలెను.

రౌద్రమునకు శత్రువు ఆలంబనము. కవి యేమి చేసినాడో చూడుడు: ఆ యాలంబనమును ఒక్కొక్కటిగా దొలగించెను. నలుగురిలో నొకడు యుకి పుట్టకముందే తల్లిచే హతుడు. రెండవవాడు బన్‌జో; వెదకి పట్టునప్పటికి వాడు జూదమున దొంగయాట యాడు త్రాగుబోతు, బిడ్డ సంపాదనపై బ్రతుకు దీనుడు, ప్రాణభిక్ష వేడువాడు. యుకి వానిని సముద్రపుటొడ్డున నఱకును, కెరటము లెఱ్ఱనగును. మూడవవాడగు గిషిరో చచ్చెనని చెప్పి సమాధిని జూపుదురు. ఆమె కత్తి దూసి యా సమాధిపై నున్న పూలను నఱకును. నాలుగవదియగు ఒకొనొ, చిక్కుటకు ముందే యురి వేసికొనును. యుకి వ్రేలాడు కళేబరమును నడిమికి నఱకగా నెత్తురు వఱదయై కురియును.

ఈ కడపటి దృశ్యమును జూచి నగువారు గలరు. శవమునుండి యట్లు నెత్తురు పాఱునా యని. పాఱదు. అందుకే యది పాఱినది. ప్రాణమున్న శత్రువు దొరకని కోపము చచ్చినదానియందు బ్రాణము వెదకుచున్నది. ఆలంబనము లేని క్రోధము ఎక్కువగుకొలది అనుభావమును ఎక్కువగును. నెత్తురు హెచ్చినచోట నెల్ల శత్రువు లేకుండుటను లేదా శత్రువు క్షుద్రుడై యుండుటను ఈ చిత్రమున జూడవచ్చును. అతిశయోక్తి ఊరక చేసిన యలంకారము గాదు. లోపమును బట్టి పుట్టినది.

గిషిరో చావలేదని పిదప దెలియును. పాశ్చాత్యవేషములతో దొరలు నాట్యమాడు రొకుమెయికన్ మందిరమున నతనిని జంపుటకు యుకి పోవును. ఆమె కథను బత్రికయందు వ్రాసి యామెపై ననురాగము పెంచుకొన్న ర్యూరెయి యా గిషిరో కుమారుడే. తండ్రిని గదలకుండ బట్టుకొన్న ర్యూరెయి దేహమునుండి కత్తి దూర్చి యామె గిషిరోను బొడుచును. పగ తీఱినది, తన్ను బ్రేమించినవాడు మడిసినాడు. గుండుదెబ్బ తిని మంచులోనికి వచ్చిన యామెను, బన్‌జో బిడ్డయగు కొబుయె వెంబడించి పొడుచును. తండ్రికొఱకు బిడ్డ! యుకి పుట్టుక కేది కారణమో యదే యిచ్చటను గారణము. పగమీద బగ వలదన్న పూర్వపు నియమము ఇచ్చట లేదు; చట్టముతో నదియు బోయినది. లెక్క ముగించువారు లేరు. తెల్లని మంచులో బడి యేడ్చు యుకియందు మనమిప్పుడు చూచునది ప్రతీకారదేవతను గాదు. ఎప్పుడును బిడ్డగా బ్రతుకని యొక బిడ్డను. నా విద్యార్థికి గంట నీరు వచ్చినచోటిదియే. రౌద్రమునుండి కరుణము పుట్టుట యిది.

దేశాంతరములయందు ఈ చిత్రము లెట్లు గ్రహింపబడినవో కొంచెము చెప్పవలెను. 1980లో 'కొజురె ఓకమి' మొదటి రెండు చిత్రములను ముక్కలు కోసి కూర్చి 'షోగున్ అసాసిన్' అను పేర నింగ్లీషున విడిచిరి. 2003లో అమెరికా దర్శకుడు క్వెంటిన్ టరంటినో తన 'కిల్ బిల్' చిత్రమున 'షురాయుకిహిమె' యొక్క పాటను, మంచులో ద్వంద్వయుద్ధమును గైకొనెను. ఆ చిత్రము నందును, తల్లి చంపబడుట జూచిన పసిపిల్లతో నాయిక, నీవు పెరిగిన పిమ్మట రమ్మని చెప్పును. అనగా గొబుయె యచ్చటికిని వచ్చినది. కాని మాట మాత్రమై నిలిచినది.

2008లో వచ్చిన రెండు చిత్రములతో నీ జాతి కడమేరకు జేరినది. ఇగుచి నొబొరు తీసిన 'కతౌదె మషిన్ గారు'లో, తమ్ముని జంపిన బాలురపై బగబట్టిన బడిపిల్ల తెగిన చేతికి మరతుపాకి తగిలించుకొనును. నిషిమురా యొషిహిరో తీసిన 'తోక్యో జన్‌కొకు కెయిసత్సు'లో, తండ్రి హత్యకు బగదీర్చుకొనగోరు స్త్రీ రాజభటత్వము వహించి వికృతదేహులను నఱకుచుండును. నెత్తురు వానవలె గురియును. వీనియందు దెలివి లేదని యనలేము. రెండవదానిలో గథ నడుమ వచ్చు కల్పితప్రకటనలు, బాలికలు మణికట్టు కోసికొనుటకు సొగసైన కత్తులను విక్రయించునవి, ధనమునకు సమస్తమును అమ్ముకొను లోకముపై గట్టి వ్యంగ్యము. మొదటిదానిలో, నాయికచే జచ్చిన బాలుర తల్లిదండ్రులు కవచములు దాల్చి ప్రతీకారమునకు వత్తురు. చూడుడు, ఇదియు బగమీద బగయే. కొబుయె చేసినదే వీరును జేయుచున్నారు. కాని వారి శోకము వేషముతోనే నవ్వులపాలై, వారి మరణము మఱియొక చమత్కారమునకు నెపమగుచున్నది. కొబుయె కత్తివ్రేటుకు మనము నిశ్చేష్టులమగుదుము. వీరి చావునకు నవ్వుదుము. ఇచ్చట రౌద్రమునుండి హాస్యము పుట్టినది. హాస్యము రసమే; అందు దోషము లేదు. కాని చచ్చినవారిని లెక్కించువాడు లేనిచోట బ్రతీకార మను మాటకు అర్థము మిగులదు.

ఇందుకు ఆక్షేపము గలదు. ప్రేక్షకులలో నెక్కువమంది కరుణము కొఱకు గాక నెత్తురు కొఱకే పోవుదురు గదా. కడపటి కన్నీటిని జెప్పి మొదటి యాశను గప్పిపుచ్చుట తగునా యని. తగదు. 'షురాయుకిహిమె'యందును నాయికను అలంకరించి చూపుటలో, దెబ్బదెబ్బకు రంగు చిలుకుటలో వ్యాపారదృష్టి కలదు, దానిని గాదనను. ఐనను, మహాభారతమును వినువారిలో సౌప్తికపర్వమున నశ్వత్థామ చేసిన రాత్రివధకు జెవి నిక్కించువారు లేరా? వ్యాసుడు వారిని వినవలదనలేదు, తిక్కనయు ననలేదు. ఆ రాత్రి వెనుక స్త్రీపర్వమును బెట్టిరి. చచ్చినవారి నొక్కొక్కరిని జూపి పేరు పెట్టి యేడ్చు స్త్రీల నడుమనుండి శ్రోత నడిచిపోవలెను. నెత్తుటి కొఱకు వచ్చినవానిని శోకముదాక నడిపించుటయే కవిధర్మము. నెత్తురు చూపినంతమాత్రమున గవి యపరాధి కాడు. నెత్తుటియొద్దనే విడిచిపోయినచో నపరాధి.

కావున ఈ జాతి చిత్రములను దీర్పరించుటకు నాకు దోచిన కొలబద్ద యిది: నెత్తురెంత పాఱినదని కాదు, పాఱిన వెనుక దాని లెక్క యడుగువారు తెరపై మిగిలిరా లేరా యని. 'సన్‌జూరో'లో నాయకుడే లెక్క యడిగెను. 'సెప్పుకు'లో లెక్క వ్రాయు గ్రంథమే యబద్ధమాడెను. 'షురాయుకిహిమె'లో కొబుయె యడిగినది. 2008 నాటి చిత్రములయందు అడుగవచ్చినవారిని నవ్వులపాలు చేసిరి. భరతుని సూత్రము జపానున నిలిచినది. అయితే సర్వత్ర నిలువలేదు. రౌద్రమునుండి కరుణము తనంత దాను బుట్టదు, పుట్టించువాడు కావలెను. సూత్రమునందు 'పుట్టును' అని యున్నదానికి 'పుట్టింపవలెను' అని యర్థము చెప్పుకొనుట మంచిదని నా విన్నపము. నా విద్యార్థి మొదట జెప్పిన మాటయు నిదియే. దానిని శాస్త్రభాషలోనికి దెచ్చుట మాత్రమే నేను జేసినపని.